ఎర్ర బండి మీద ఘుగ్గుస్ దుమ్ము

ఘుగ్గుస్ కాలనీలో తెల్లవారితే ఆడవాళ్లు ముందు పొయ్యి ముట్టించరు, గుడ్డ తడుపుతారు. రాత్రంతా బొగ్గు గనుల మీదుగా, సిమెంటు గొట్టాల మీదుగా వచ్చి, ఆగకుండా నడిచే లారీల చక్రాల కింద నలిగి లేచిన దుమ్ము తెల్లారేసరికి ఇంటింటా దిగి ఉంటుంది. దిగిన దుమ్ము ఊరికే ఉండదు. మూసిపెట్టిన దేనిమీద పడితే దాని లోపల ఏముందో గీసి చూపిస్తుంది. బియ్యం డబ్బా మీద పడితే బియ్యం ఎంత అడుక్కి దిగాయో అక్కడ గీత ఉంటుంది. ట్రంకుపెట్టె మీద పడితే మడతపెట్టిన చీరలు, చీరల మధ్య దాచిన పుస్తెలతాడు, ఒకవేళ అది కుదువకు పోయి ఉంటే అది ఉండాల్సిన చోట వట్టి గుంట, అన్నీ కనిపిస్తాయి. బడిసంచి మీద పడితే లెక్కల పుస్తకం లోపల ఉందో లేదో తల్లికి తెలిసిపోతుంది. అందుకని పక్కింటివాళ్లు లేవకముందే ఎవరి గుట్టు వాళ్లు తుడుచుకుంటారు. సంబంధం చూడవచ్చే పెద్దమనుషుల్లో తెలివైనవాళ్లు ఆరు కొట్టకముందే గుమ్మంలో నిలబడతారు.

చంద్రపూర్ బజారులో కూడా దుమ్ము పడుతుంది, కొంచెం తక్కువగా. కాని అక్కడ పెద్ద దుకాణాల ముందు పూటపూటకీ ట్యాంకర్లు వచ్చి నీళ్లు చల్లుతాయి. బంగళాల్లో పైపులు పెట్టి గోడలు కూడా కడుగుతారు. "నీళ్లున్నోనికి గుట్టుంటది. మనకేముంటది?" అనేది ఆగమ్మ, నల్లటి గుడ్డ పిండుకుంటూ.

ఆగమ్మ మంచిర్యాల దిక్కునుంచి పెళ్లికూతురిగా ఈ కాలనీకి వచ్చి ముప్పై నాలుగేళ్లు. భర్త బాపయ్య గనిలో పనిచేస్తూ, రిటైరు కాకముందే పోయాడు. ఆ నౌకరీ కూతురు అర్చనకు వచ్చింది. మొదట ఆఫీసులో ఫైళ్లు మోయమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. పరీక్ష రాసి, ట్రైనింగు చేసి, వంద టన్నుల డంపర్ ఎక్కింది. మొదటి రోజు నిచ్చెనమెట్లు ఎక్కి తన సీట్లో కూర్చుంటుంటే కింద నలుగురు మగవాళ్లు చేతులు కట్టుకుని చూశారు. ఎనిమిదేళ్లయింది. ఇప్పుడు చూడటానికి ఎవరూ ఆగరు.

డంపర్‌లో ఎనిమిది గంటలు కూర్చున్నా బండి ఇరవై కిలోమీటర్ల వేగం దాటకూడదు. బొగ్గు నింపుకుని గుంతలోనుంచి పైకి, ఖాళీ చేసుకుని పైనుంచి గుంతలోకి. అంత పెద్ద ఇంజన్‌ను కాలి కింద పెట్టుకుని నత్తలా పాకటం అర్చనకు ఏనాడూ నచ్చలేదు. ఆమెకు ఒకటే కోరిక. కాలు నొక్కగానే వీపు సీటుకు అతుక్కునే బండి కావాలి. కొత్తది కొనే స్తోమత లేదు. ఆరేళ్ల ఓవర్‌టైం దాచుకుని, ఏడాదిపాటు వెతికి, చంద్రపూర్‌లో నాగపూర్ రోడ్డు మీద సుదర్శన్ నడిపే పాత కార్ల దుకాణంలో ఆ బండిని పట్టుకుంది.

ఎర్రటి సెడాన్. ఐదేళ్ల పాతది. ఆ బండి రెండు రకాల ఇంజన్లతో వచ్చేది: పదహారు వందల సీసీ మామూలుది ఒకటి, పద్దెనిమిది వందల సీసీ టర్బో ఒకటి. పైకి చూస్తే రెండూ ఒకే బండి. అవే తలుపులు, అవే దీపాలు. తేడా అంతా కడుపులోనే.

"ఇది పద్దెనిమిది వందల టర్బో చెల్లె. గిసొంటిది జిల్లా మొత్తంల రెండే ఉన్నయి. ఒకటి ఇది, ఇంకోటి నా సొంతం," అన్నాడు సుదర్శన్. యాభై ఏళ్ల మనిషి. రాజురా దిక్కు వ్యవసాయం ఇంటివాడు. తెల్ల చొక్కా మీద మచ్చ పడనివ్వడు. దుకాణం ముందర నలభై కార్లు పొద్దుకు నాలుగుసార్లు కడిగించి పెడతాడు.

అర్చన నడిపి చూసింది. పడోలి మలుపు దాటి రోడ్డు ఖాళీగా దొరకగానే కాలు నొక్కింది. బండి కడుపులో సన్నటి ఈల ఒకటి మోగింది. ఆ వెంటనే ఎవరో వెనకనుంచి తోసినట్టు వీపు సీటుకు అతుక్కుంది. అర్చన పైకే నవ్వింది. వెనక సీట్లో సుదర్శన్ పట్టీ పట్టుకుని "చెల్లె, జర మెల్లగ, జర మెల్లగ" అంటూనే ఉన్నాడు.

ఆ రోజే దస్తఖత్ పెట్టింది. కాగితాలు మారాలి, పాలిష్ కొట్టాలి, పదిహేను రోజులు ఆగమన్నాడు సుదర్శన్. ఆగింది. పదహారో రోజు బండి తీసుకుంది. ఇంజన్ వెనక ఇనుప రేకు మీద ఎర్ర లక్క సీలు ఒకటి ఉంది. సంవత్సరం గ్యారంటీ, సీలు తీస్తే గ్యారంటీ చెల్లదని కాగితం మీద రాసి ఉంది.

పడోలి దగ్గర ముందు ఒక సిమెంటు లారీ వెళుతోంది. దాన్ని దాటబోయి అర్చన కాలు నొక్కింది. బండి మూలిగింది. ఈల లేదు. వీపు వీపుగానే ఉంది. ఎదురుగా బస్సు రావటంతో మళ్లీ లారీ వెనక్కే వచ్చింది. రోడ్డు పక్కన బండి ఆపింది. ఆమెకు అప్పుడే తెలిసిపోయింది.

సుదర్శన్‌కు ఫోన్ చేసింది.

"సేఠ్, నేను నడిపి చూసిన ఇంజన్ ఇది గాదు."

"అరే, అదే బండి గదా చెల్లె."

"బండి అదే. ఇంజన్ అది గాదు."

అవతల నవ్వు వినిపించింది. "ఆడోళ్ల కాలు మెత్తగుంటది. నొక్కెడిది నొక్కుత లేవు గావచ్చు. ఇంజన్ గింజన్ ముచ్చట మీ ఇంట్ల మొగోళ్లను అడుగరాదు?"

"మా ఇంట్ల మొగోళ్లు లేరు. వంద టన్నుల బండి తోలేది నేనే," అంది అర్చన. అప్పటికే ఫోన్ పెట్టేశాడు.

ఇంటికొచ్చి తల్లితో ఒక్క మాటే చెప్పింది. "అవ్వా, రేపు పొద్దుగాల బండి తుడవకు."

తెల్లారి ఆగమ్మ వాకిలి, కిటికీలు, డబ్బాలు అన్నీ తుడిచి, బండి దగ్గరికి మాత్రం పోలేదు. ఎర్రటి బానెట్ మీద బూడిదరంగు దుమ్ము పరుచుకుని, లోపలి ఇంజన్‌ను నరం నరం గీసి పెట్టింది. అర్చన బస్టాండు పక్కన షెడ్డు నడిపే సారయ్యను పిలుచుకొచ్చింది. బాపయ్యతో కలిసి ఈ ఊరికి వచ్చినవాడు, మెకానిక్‌గా నలభై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. తన ఊపిరికి దుమ్ము చెదరకుండా కండువా మూతికి అడ్డం కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, సారయ్య బానెట్ మీదికి వంగాడు. ఒక చివరనుంచి ఇంకో చివరకు దస్తావేజు చదివినట్టు చదివాడు.

"పదహారు వందలది బిడ్డా," అన్నాడు చివరికి. "సిలిండర్లు చూడు, సన్నగున్నయి. గీ వెనకాల రేకు కింద నత్తగుల్ల లెక్క ఉన్నది చూసినవా? అది టర్బో ఉండాల్సిన జాగ. గుల్ల పెట్టిండ్రు, లోపట చక్రం లేదు. వట్టి డొల్ల."

"మరి నంబరు కాక? కాగితం మీద నంబరు, ఇంజన్ మీద నంబరు ఒక్కతీరుగనే ఉన్నయి."

సారయ్య వేలు గాలిలోనే ఆడించి చూపించాడు. బానెట్ ఒక మూల దుమ్ములో అంకెలు ఉన్నాయి. ఒక వరస స్పష్టంగా. దాని కింద, చెరిపేసినా పోని పలక రాతలా, ఇంకో వరస పలచగా.

"పైది కొట్టిన నంబరు. కిందిది పుట్టిన నంబరు."

ఆగమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఎంత అన్యాలం! బిడ్డ ఆరేండ్ల చెమట గదా!"

అర్చన ఫోన్‌తో ఫొటోలు తీసింది. సారయ్య తల అడ్డంగా ఊపాడు. "ఫోన్ల బొమ్మలు ఎవడైన చేస్తడంటడు. ఉన్నదున్నట్టు తీస్కపోయి చూపియ్యాలె."

దుమ్ము చెదరకుండా బండిని చంద్రపూర్ తీసుకుపోవాలంటే గాలి తగలకూడదు. ఇరవై దాటకుండా బండి నడపటంలో అర్చనను మించినవాళ్లు జిల్లాలో లేరు. పాతిక కిలోమీటర్లు రెండు గంటలు పట్టింది. వెనకనుంచి లారీలు హారన్లు కొట్టి కొట్టి, తిట్టి, దాటిపోయాయి. వాటి గాలికి కాస్త దుమ్ము లేచినా వాటి దుమ్మే మళ్లీ వచ్చి ఆ గీతల మీదే కూర్చుంది. సారయ్య పక్క సీట్లో కూర్చుని, నిండు కుండ నెత్తిన పెట్టుకున్నవాడిలా కదలకుండా ఉన్నాడు.

సుదర్శన్ దుకాణం ముందు బండి ఆగింది. అర్చన ముందే ఫోన్ చేసి చెప్పింది కాబట్టి సుదర్శన్ ఒక ఎక్స్‌పర్ట్‌ను కూడా పిలిపించి పెట్టాడు. టై కట్టుకుని, చంకలో ఫైలు పెట్టుకున్న మనిషి.

"సార్, ముందుగాల బానెట్ మీద చూడుండ్రి," అంది అర్చన.

ఎక్స్‌పర్ట్ ముందుకు వంగాడు. చూశాడు. ఆయన కళ్లు సిలిండర్ల దగ్గర ఆగి, గుల్ల దగ్గరికి పోయి, నంబర్ల దగ్గర ఆగటం అర్చన కళ్లారా చూసింది. ఈలోపు సుదర్శన్ పక్కనే ఉన్న బకెట్లోనుంచి తడిగుడ్డ తీశాడు.

"అయ్యో చెల్లె, బండి ఎంత మురికి పట్టిచ్చినవ్!" అంటూ ఒక్క వాటున, ఈ కొసనుంచి ఆ కొసకు, తుడిచేశాడు. ఎర్ర రంగు తళతళ మెరిసింది. అందులో నలుగురి మొహాలూ కనిపించాయి.

సారయ్య "అరే, అరే!" అని చేయి పట్టుకోబోయాడు. అప్పటికే గుడ్డ బకెట్లో పడింది.

ఎక్స్‌పర్ట్ తీరిగ్గా బానెట్ ఎత్తాడు. ప్లాస్టిక్ మూత మీద ఎర్ర అక్షరాల్లో టర్బో అని ఉంది. కొట్టిన నంబరు కాగితంతో సరిచూశాడు. సీలు ఉందా అని చూశాడు. "అంతా బరాబర్ ఉన్నది," అని ఫైలులో రాసుకున్నాడు.

"మీరు చూసిండ్రు గద సార్! ఇప్పుడే మీ కండ్లతోని చూసిండ్రు!"

"నేను ఇంజన్ చూస్తనమ్మా. దుమ్ము చూడను."

"ఆ సీలు తీసి రేకు ఇప్పుండ్రి. లోపట డొల్ల ఉన్నదో లేదో ఇక్కన్నే తెలుస్తది."

"తియ్యి చెల్లె, నీ బండి, నీ ఇష్టం," అన్నాడు సుదర్శన్ నవ్వుతూ. "సీలు తీసినంక లోపట ఏమన్న తక్కువుంటే మీ సారయ్యనే తీసిండంట. గ్యారంటీ గూడ పాయె."

అర్చనకు అరికాలి మంట నెత్తికెక్కింది. బండి పోయిందని కాదు. ఆ తుడిచిన తీరుకి. అట్లా తుడవటం ఆమె ఒకసారి చూసి ఉంది.

అప్పుడు ఆమెకు పందొమ్మిదేళ్లు. ఎండాకాలం. బాపయ్య వాకిట్లో నులకమంచం మీద తెల్ల దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. తెల్లారి చూస్తే దుప్పటి మీద రెండు ఊపిరితిత్తులు గీసి ఉన్నాయి. కుడిది సగం, ఎడమది గొంతుదాకా నల్లగా నిండి. దుప్పటి కదలకుండా నలుగురు మంచాన్నే మోసుకుని గని కంపెనీ ఆస్పత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు దుప్పటి కొస పట్టుకుని ఒక్క దులుపు దులిపి, "బీడీలు మానెయ్యి" అన్నాడు. బాపయ్య జన్మలో బీడీ ముట్టినవాడు కాదు. రెండేళ్లకు పోయాడు. చావు కాగితంలో గని దుమ్ము మాటే లేదు. బీడీలనే రాశారు. ఆ కాగితం ఆగమ్మ ట్రంకుపెట్టె అడుగున ఉంది. దాని మీది దుమ్ము పొద్దున్నే ఆమే తుడుస్తుంది, ఎవరి కంటా పడకుండా.

"ఆడు దులిపిండు. ఈడు తుడిచిండు," అంది అర్చన తిరిగివచ్చే దారిలో. "చూసినోళ్లు చూడలేదంటరు. ఎట్ల కాక? ఎట్ల?"

సారయ్య కండువా విప్పి మొహం తుడుచుకున్నాడు.

ఇంటికి వచ్చాక అర్చన తిండి తినలేదు. సందు చివర భీమయ్య ఇంటికి పోయింది. భీమయ్య నీళ్ల ట్యాంకర్ నడుపుతాడు. నాగపూర్ రోడ్డు దుకాణాలకు నీళ్లు పోసేది అతనే. వాకిట్లో కూర్చుని చాయ్ తాగుతున్నాడు.

"మామా, నిన్నొకటి అడగాలె. సుదర్శన్ దుకాణానికి మూడు రోజులు నీళ్లు పోయకు."

భీమయ్య ఎందుకని అడగలేదు. కప్పు కింద పెట్టి కొంచెం ఆలోచించాడు. "మా అల్లుని ఆటో గూడ ఆన్నే కొన్నం. కొన్న నెలకే ఇంజన్ పగిలింది. అడగవోతే తోలుడు రాదన్నడు. పద్నాలుగేండ్లసంది ఆటో తోలుతుండు మా అల్లుడు!" మీసం తుడుచుకున్నాడు. "మూడు రోజులెందుకు బిడ్డా? వారం పోయను. ట్యాంకర్ ఖరాబైందంట."

మే నెల. చంద్రపూర్‌లో ఎండ నిప్పులు చెరుగుతోంది. దుకాణంలో బోరు ఎండిపోయి నెల దాటింది. మొదటి రోజు సుదర్శన్ తాగే నీళ్ల క్యాన్లు తెప్పించి కార్లు తుడిపించాడు. నలభై కార్లకు క్యాన్లు ఎక్కడ చాలుతాయి? రెండో రోజు పొడిగుడ్డలతో తుడిపించాడు. తుడిచినది తుడిచినట్టే మళ్లీ గీతలు తేలాయి. మూడో రోజు అన్నిటికీ ముసుగులు కప్పించాడు. దుమ్ము ముసుగుల మీద పడి, ముసుగు కింది బానెట్‌ను, బానెట్ కింది ఇంజన్‌ను వరసగా గీసి పెట్టింది. ఆ పక్కన చాయ్ బండివాడికి గిరాకీ పెరిగింది. చాయ్ తాగేవాళ్లు కప్పు పట్టుకుని కార్ల మధ్య తిరగటం మొదలుపెట్టారు.

నాలుగో రోజు అర్చనకు వారపు సెలవు. సారయ్యను ఎక్కించుకుని ఎర్ర బండిలో పొద్దున పదింటికి చేరింది. అప్పటికే యాభై మంది దాకా ఉన్నారు. పనికిరాని ముసుగులు చాలావరకు తీసేసి ఉన్నాయి. ఒక కారు బానెట్ మీద పగిలిన ఇంజన్ దిమ్మ, దాని మీద పూసిన మైనం. ఇంకో కారు నిండా, సీట్ల మట్టం దాకా, ఏదో వరదలో మునిగిన నీటి గీత. ముప్పై వేల కిలోమీటర్లే తిరిగిందని రాసిన బండి మీద దుమ్ములో రెండు లక్షల పైచిలుకు అంకె. ఎవరూ అరవటం లేదు. ఒకరినొకరు భుజం తట్టి చూపించుకుంటున్నారు. సుదర్శన్ ఒక గుడ్డ పట్టుకుని ఈ కారునుంచి ఆ కారుకు, ఆ కారునుంచి ఈ కారుకు పరుగెత్తుతున్నాడు. తెల్ల చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది.

అర్చన చుట్టూ చూసింది. వెనక, ఆఫీసు గది నీడలో, సుదర్శన్ సొంత బండి ఉంది. అదే మోడల్, తెల్లది. తిన్నగా దాని దగ్గరికి నడిచింది. బానెట్ మీద నాలుగు లావాటి సిలిండర్లు. వెనక నత్తగుల్ల, గుల్లలో సన్నటి రెక్కల చక్రం, రెక్కలు లెక్కపెట్టుకునేంత తేటగా. మూలన ఒకటే వరస నంబరు.

అర్చన సంచిలోనుంచి తన బండి కాగితం తీసింది. ఒక్కొక్క అంకె గట్టిగా చదివింది. సారయ్య ఒక్కొక్క అంకెకు దుమ్ము మీదికి వంగి "ఉన్నది" అన్నాడు. నాలుగో అంకెకల్లా జనం చుట్టూ మూగారు. చివరి అంకె చదివేసరికి గుంపులోనుంచి ఒక ముసలాయన మరాఠీలో "తేచ్ ఆహే!" అన్నాడు. అదేనని అందరికీ తెలిసింది.

"నా టర్బో నీ బండిలకెట్ల వొచ్చింది సేఠ్?" అంది అర్చన. "నీ దాన్ల ముందుగాల ఏముండె? అది ఖరాబైతే నాది తీసి పెట్టుకున్నవా? ఆడదానికేం సమజైతదనుకున్నవా?"

సుదర్శన్ ఆమె మోచేతి దగ్గర చేయి పెట్టి, తాకకుండానే, "లోపటికి రా చెల్లె, లోపట మాట్లాడుకుందం" అన్నాడు.

ఏసీ గదిలో తలుపు వేశాడు. అద్దంలోంచి జనం కనిపిస్తున్నారు, మాట వినిపించటం లేదు. సుదర్శన్ కుర్చీలో కూలబడి మొహం తుడుచుకున్నాడు. ఇప్పుడతను నవ్వటం లేదు.

"తప్పయింది. ఒప్పుకుంటున్న. నీ ఇంజన్ ఇయ్యాల్నే నీ బండిల పెట్టిస్త. ముగ్గురు మెకానిక్‌లను పెడ్త, మీ సారయ్య నిలవడి చూస్కోని. పొద్దుమూకే వరకు నీ బండి నీకు. ఇంకేం గావాలె?"

"ఇంకేం వద్దు."

"అయితే ఒక్క పని చెయ్యి. నువ్వు చెప్తెనే ట్యాంకర్ బందైందని నాకెర్క. భీమయ్యకు ఫోన్ కొట్టు. గంటల ట్యాంకర్ రావాలె, కార్లు కడగాలె. గంతే. ఎవల బండి వాళ్లు చూస్కుంటరు. మిగిలినోళ్ల ముచ్చట నీకెందుకు?"

అర్చన నిలబడి ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధం. ఆ సన్నటి ఈల చెవిలో మోగింది. పడోలి దాటాక ఖాళీ రోడ్డు కళ్లముందు కదిలింది. ఆరేళ్లు. పొద్దుమూకే వరకు. ఫోన్ తీసి భీమయ్య నంబరు నొక్కింది. అవతల మోగుతోంది.

మోగుతుండగా అద్దంలోంచి బయటికి చూసింది. ఒక నీలం రంగు చిన్న కారు దగ్గర ఒకామె నిలబడి ఉంది. పక్కన ఇద్దరు పిల్లలు. అప్పుడే వచ్చినట్టుంది, చేతిలో తాళం ఉంది. దుకాణం పనివాడు కారు మీది ముసుగు లాగేసి, దాని దుమ్ము బానెట్ మీదికి దిగుతుండగానే, నిమ్మకాయలు చక్రాల కింద పెడుతున్నాడు. పెద్దపిల్ల అప్పటికే ముందు తలుపు తీసింది, చిన్నపిల్ల వెనక సీటెక్కింది. కారు బానెట్ మీద, బాగా కిందగా, చక్రానికి దగ్గరగా, సన్నటి కడ్డీ ఒకటి గీసి ఉంది. నడుమ విరిగి, అతికించి, అతుకు మళ్లీ పగులుతున్న గీత. దారినపోయేవాళ్లు చూసేచోటు కాదది. చిన్నప్పటినుంచి దుమ్ము చదివిన కన్ను కాబట్టి అర్చనకు కనిపించింది.

"హలో? ఏంది బిడ్డా, పని అయిందా? నీళ్లు తేవాల్నా?" భీమయ్య గొంతు.

"వద్దు మామా. తేకు," అంది అర్చన. తలుపు తీసుకుని బయటికి నడిచింది. వెనకనుంచి సుదర్శన్ "చెల్లె! నీ ఇంజన్!" అంటున్నాడు.

"అమ్మా, జర ఆగుండ్రి. పిల్లలను దించుండ్రి."

ఆమె పేరు ప్రేమలత. వణిలో బడిపంతులమ్మ. భర్త దూరంగా పనిచేస్తాడు. కారు నడపటం ఈ మధ్యే నేర్చుకుంది. ఈ రోజు బండి తీసుకుని పిల్లలతో వణి పోవాలని పొద్దున్నే వచ్చింది. అర్చన ఆమెను బానెట్ దగ్గర వంగమని చూపించింది.

"గిది స్టీరింగ్ కడ్డీ. మీరు చక్రం తిప్పుతే టైరును తిప్పేది ఇదే. విరిగితే అతికిచ్చిండ్రు. అతుకు ఇడుస్తుంది. కాక, నువ్వు గూడ చూడు."

సారయ్య చూసి, చిన్నపిల్లను చంక కింద చేయివేసి కారునుంచి దూరంగా దించాడు. ఆ దించిన తీరుతోనే ప్రేమలతకు అర్థమైపోయింది. ఆ రోడ్డు మీద నిమిషానికొక బొగ్గు లారీ వస్తుందని ఆమెకు తెలియనిది కాదు. చేతిలో తాళం ఒకసారి చూసుకుంది. ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ సుదర్శన్ దగ్గరికి పోయి, అతని చేతికివ్వకుండా, కాళ్ల దగ్గర నేల మీద పెట్టింది.

"నాకు ఇద్దరు పిల్లలండి," అంది.

సుదర్శన్ అర్చన వైపు తిరిగాడు. "ఇగ కోర్టుకు పో. నీ ఇంజన్ ఎట్ల వస్తదో నేను గూడ చూస్త."

"పోత," అంది అర్చన. "పోత సేఠ్. వీళ్లందరిని తీస్కోని పోత. నా ఒక్క ఇంజన్ ఇస్తే నేను నోరు మూస్కోవాల్నా? నలభై బండ్లల నలభై ఇండ్లోళ్లు కూసుంటరు గద, వాళ్లెవలు? నువ్వు కడుగుతే పోతదా? నా తండ్రిది దులిపిండ్రు, పోయిందా?"

తండ్రి సంగతి అక్కడెవరికీ తెలియదు. అయినా ఎవరూ ఏమిటని అడగలేదు. ఇందాకటి మరాఠీ ముసలాయన జేబులోనుంచి పెన్ను తీసి తన పేరు, ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి అర్చనకు ఇచ్చాడు. ఆ వెనక ఇంకొకరు. మధ్యాహ్నానికి కాగితం రెండు వైపులా నిండింది. అందులో భీమయ్య అల్లుడి పేరు కూడా ఉంది. ఆటో కిరాయి వదులుకుని వచ్చి మరీ రాశాడు.

కేసు నడిచి, అర్చన ఇంజన్ అర్చనకు రావటానికి దసరా దాటింది. ఆ రోజు మాత్రం ఆమె తనది కాని ఇంజన్‌తోనే ఇంటికి బయలుదేరింది. పక్క సీట్లో సారయ్య ఉన్నాడు. ఎండలో, వట్టి గుల్ల మోసుకుంటూ, ఎర్ర బండి మూలుగుతూ ఘుగ్గుస్ రోడ్డు మీద పోతోంది. వెనకనుంచి వణి పోయే ఎర్ర బస్సు హారన్ కొట్టింది. అర్చన దారి ఇచ్చింది. బస్సు పక్కగా వచ్చి, మెల్లగా దాటింది. కిటికీలో ప్రేమలత తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. ఆ వెనక కిటికీలో ఇద్దరు పిల్లలు ఎర్ర బండిని గుర్తుపట్టి, ఊచల మధ్యనుంచి చేతులు బయటపెట్టి, "మేమే ముందు! మేమే ముందు!" అని అరుస్తున్నారు.

అర్చన స్టీరింగ్ మీదినుంచి ఒక చేయి తీసి, వాళ్లను పొమ్మని ఊపింది.